నీళ్లు లేని ఊళ్లో చేప పాఠం

ఆదివారం పొద్దున. బజారు నుంచి తెచ్చిన బొచ్చె చేపను అవ్వ పెరట్లో బండ మీద పెట్టి, గుప్పెడు బూడిద పట్టించి తోముతోంది. పొలుసులు చిటచిటా ఎగిరి పడుతున్నాయి. ఒకటి వచ్చి మనవరాలి మోచేతికి అంటుకుంది. ఐదేళ్ల పిల్ల దాన్ని గోటితో పెరికి, ఎండకు పట్టి చూసి, ఉన్నట్టుండి అడిగింది.

"అవ్వా, మన చెరువులో నీళ్లే లేవు గదా! మరి ఈ చాప యాడ నుంచి వచ్చె?"

"బజార్నుంచే. పక్కకు జరుగు, పొలుసు కంట్లో పడుతుంది."

అవ్వ అబద్ధం చెప్పలేదు. కానీ పిల్ల పొలుసును కింద పారేసి లోపలికి పోయింది.

అనంతపురం సీమలో ఏడాదికి సగటున కురిసే వాన 550 మిల్లీమీటర్ల దగ్గరే. దేశంలో అతి తక్కువ వాన పడే ప్రాంతాల్లో ఇదొకటి. చెరువు నిండింది అంటే ఊరంతా వెళ్లి చూసొచ్చే పండగ. నిండు చెరువును ఒక్కసారి కూడా చూడకుండానే ఒకటో తరగతికి వచ్చే పిల్లలు ఇక్కడ ఉంటారు. ఇలాంటి చోట చేపల గురించి ఏం చెబుతాం, ఎలా చెబుతాం అని అంగన్‌వాడీ టీచర్లూ తల్లులూ నన్ను అడుగుతుంటారు. నేనంటాను, మీకే సులువు. కొల్లేటి ఒడ్డున పుట్టిన పిల్లకు చేప రోజూ కనబడేదే. కనబడేదాన్ని ఎవరూ ప్రశ్నించరు. "నీళ్లు లేవు గదా, చేప ఎక్కడిది?" అని అడిగేది కరువు సీమ పిల్లే. ఆ ప్రశ్నను పట్టుకుంటే చేప పాఠమంతా దాని వెంటే వస్తుంది. ఎలా పట్టుకోవాలో చెప్పడమే ఈ అధ్యాయం పని.

జాబితాతో వచ్చే చిక్కు

మన పిల్లలకు చేప ముందుగా గోడ మీది చార్టులో పరిచయం అవుతుంది. చేప నీళ్లలో ఉంటుంది, మొప్పలతో ఊపిరి తీస్తుంది, ఒంటినిండా పొలుసులుంటాయి, గుడ్లు పెడుతుంది. నాలుగు ముక్కలు. పిల్లలు రెండు రోజుల్లో అప్పజెప్పేస్తారు. మనకూ పాఠం అయిపోయిందన్న తృప్తి.

తర్వాత ఒక వాన పడుతుంది. వారం తిరిగేసరికి ఊరి బయట గుంతలో నల్లగా, తోకలాడిస్తూ వందల కొద్దీ పిల్లలు. "చాపపిల్లలు!" అని మనవాడు పరిగెత్తుకుంటూ వస్తాడు. అవి తోకకప్పలు. కానీ వాడి జాబితా ప్రకారం చూడండి. నీళ్లలో ఉన్నాయి, మొప్పలున్నాయి, గుడ్ల నుంచి వచ్చాయి. అంత చిన్న ఒంటి మీద పొలుసు ఉందో లేదో ఎవరికి కనబడుతుంది? జాబితా కప్పను చేపను చేసేసింది.

తిరగేసి చూస్తే ఇంకో తమాషా. బజార్లో అమ్మే జెల్లకు, మార్పుకు పొలుసులే ఉండవు. దోమల నివారణకు కుంటల్లో, నీళ్ల తొట్లలో వదిలే గంబూసియా గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లల్నే కంటుంది. జాబితా పట్టుకుని కూర్చుంటే ఇవి చేపలు కాకుండా పోతాయి.

అందుకే జాబితా పాఠానికి చివరి పేజీ కావాలి. మొదటి పేజీలో ఉండాల్సింది ఒక చేప, ఒక "ఎందుకు".

ఈ పద్ధతి నా సొంతం కాదు, మన అవ్వలదే. ఏడు చేపల కథ తెలియని తెలుగు ఇల్లు ఉండదు. రాజుగారి కొడుకులు తెచ్చిన ఏడు చేపల్లో ఒకటి ఎండలేదు. ఎందుకని అడుగుతూ పోతే కథ గడ్డిమోపు దగ్గరికి, ఆవు దగ్గరికి, అక్కణ్ణుంచి చీమ పుట్ట దాకా వెళ్తుంది. ఎండిన ఆరు చేపల గురించి అందులో ఎవరికీ పట్టలేదు గమనించారా? కథను నడిపింది ఎండని ఏడోదే. పిల్లల చదువూ అంతే. లెక్కలోకి రానిదే వాళ్ల బుర్రను కదిలిస్తుంది. ఆ కథ లెక్కనే మనమూ ఏడు ప్రశ్నలు వేద్దాం.

ముందుగా సమకూర్చుకోవలసినవి

ఒక తాజా చేప, అమ్మే మనిషితో కోయించకుండా, పొలుసు తీయించకుండా నిండుగా తెచ్చింది. ఒక గాజు సీసాలో ఒకటి రెండు బతికున్న చిన్న చేపలు. ఒక బేసిన్ నీళ్లు. కాగితం, పెన్సిలు. భూతద్దం ఉంటే మంచిది, లేకపోతే పాఠం ఆగదు.

మీ ఇంట్లో చేప వండరా? కోసిన చేప అక్కర్లేదు. తొట్లోని గంబూసియాలు చాలు, చూసి మళ్లీ అందులోనే వదిలేయండి. సీసాలో పోసేది కుళాయి నీళ్లయితే ఒక రోజంతా మూత లేకుండా ఉంచి వాడండి. అందులో కలిపిన క్లోరిన్ మొప్పలకు పడదు.

చేపను పిల్లల ముందు పెట్టాక పెద్దవాళ్లకు కష్టమైన పని ఒకటుంది, నోరు మూసుకుని కూర్చోవడం. 19వ శతాబ్దంలో అమెరికాలో లూయీ అగాసీ అనే శాస్త్రవేత్త దగ్గర శామ్యూల్ స్కడర్ అనే కుర్రాడు చదువుకోవడానికి చేరాడు. అగాసీ సారాలో నిలవబెట్టిన ఒక చేపను అతని ముందు పెట్టి, చూడమని చెప్పి వెళ్లిపోయాడు. పది నిమిషాల్లో అంతా చూసేశానని కుర్రాడు అనుకున్నాడు. గురువు మాత్రం ఇంకా చూడమన్నాడు. భూతద్దం వాడకూడదు, వేరే దేన్నీ చూడకూడదు. తోచక బొమ్మ గీయడం మొదలుపెడితే, అప్పటిదాకా కంటికి ఆననివన్నీ ఒక్కొక్కటే బయటపడ్డాయి. అలా మూడు రోజులు గడిచాయి. ఐదేళ్ల పిల్లను మూడు రోజులు కూర్చోబెట్టలేం. ఐదు నిమిషాలు చాలు. ఆ ఐదు నిమిషాలు మీరు ఏమీ చెప్పకండి. తర్వాత బొమ్మ గీయమనండి. గీసేటప్పుడే "దీనికి చెవులేవి?" అని అడుగుతుంది.

మొదటి ప్రశ్న: నీళ్లలో ఊపిరి ఎట్లా తీస్తుంది?

సీసాలో చేపను చూపించండి. నోరు తెరుస్తుంది, మూస్తుంది. నోరు మూసినప్పుడు బుగ్గ పక్కన రేకు తెరుచుకుంటుంది. "నీళ్లు తాగుతోంది" అంటారు పిల్లలు. "తాగిన నీళ్లన్నీ పొట్టలోకి పోతే ఏమవుతుంది?" అని తిరిగి అడగండి. పగిలిపోతుందని నవ్వుతారు. అప్పుడు దారి చూపించండి. నీళ్లు నోట్లోంచి వెళ్లి, మొప్పలను తడిపి, బుగ్గ పక్కనుంచి బయటికి వచ్చేస్తాయి. నీళ్లలో కలిసి ఉన్న ప్రాణవాయువును మొప్పలు ఆ దారిలోనే లాక్కుంటాయి.

బజారు చేప బుగ్గ రేకు ఎత్తి చూపించండి. లోపల ఎర్రగా, దువ్వెన పళ్లలా వరసలు. మీ అవ్వ చేప కొనేటప్పుడు ముందుగా అక్కడే చూస్తుంది. ఎర్రగా ఉంటే తాజా, పాలిపోతే నిన్నటిది. ఆ ఎరుపు రక్తమే.

ఇక అసలు ప్రశ్న. బయట ఇంత గాలి ఉండగా ఒడ్డున పడ్డ చేప ఎందుకు చచ్చిపోతుంది? దీనికి ధర్మవరం దగ్గరి ఇళ్లలో సామాను సిద్ధంగా ఉంటుంది, ఒక పట్టుదారపు కుచ్చు. గ్లాసు నీళ్లలో ముంచండి, పోగులన్నీ విడివిడిగా విచ్చుకుంటాయి. పైకెత్తండి, అన్నీ ముద్దగా అతుక్కుపోతాయి. మొప్పల పోగులూ అంతే. విడివిడిగా ఉంటేనే గాలి అందుతుంది. ఈ ఒక్క ఆట ఆడిన పిల్ల "మొప్పలు" అనే మాటను ఇక మరిచిపోదు.

రెండో ప్రశ్న: కాళ్లు లేకుండా ఎట్లా పోతుంది?

బేసిన్ నీళ్లలో అరచేయి వెడల్పుగా పెట్టి తోయమనండి. తర్వాత కత్తిలా నిలబెట్టి తోయమనండి. రెండోది సులువు. చేప ఒళ్లు ముందూ వెనకా సన్నగా ఎందుకుందో అరచేతికే తెలిసిపోతుంది.

ఇంట్లో రెక్కలంటాం, పుస్తకంలో వాజాలంటారు. రెండు మాటలూ నేర్పండి. లెక్కపెట్టించండి. వీపు మీద ఒకటి, తోకది ఒకటి, పొట్ట కింద వెనకగా ఒకటి, రొమ్ము దగ్గర జత, పొట్ట దగ్గర జత. సీసాలో చేప ఆగి ఉన్నప్పుడు కూడా రొమ్ము రెక్కలు ఆడుతూనే ఉంటాయి. తోక ముందుకు తోస్తుంది, మిగతావి ఆపడానికి, తిరగడానికి, ఒరిగిపోకుండా ఉండటానికి. తోక కుడి ఎడమలకు ఊగుతుందని గమనింపజేయండి. ఇది తర్వాత పనికొస్తుంది.

మూడో ప్రశ్న: ఒంటి మీద ఈ బిళ్లలేంటికి?

కళ్లు మూసుకుని చేపను తల నుంచి తోక వైపు నిమరమనండి. నున్నగా ఉంటుంది. తోక నుంచి తల వైపు నిమిరితే గరగర. పెంకుటింటి కప్పులా ఒకదాని మీద ఒకటి సర్దిన పొలుసులు నీళ్లు జారిపోయే వైపుకే వాలి ఉంటాయి. చేతికి అంటిన జిగురు మురికి కాదు. రోగాలు అంటకుండా, నీళ్లలో సులువుగా జారిపోయేలా చేప తన ఒంటికి తానే పూసుకున్న పూత.

ఒక పొలుసును ఎండకు పట్టి భూతద్దంలోంచి చూస్తే సన్నని వలయాలు కనబడతాయి. చేప పెరిగేకొద్దీ పొలుసులు కొత్తగా పుట్టుకురావు, ఉన్నవే అంచుల్లో పెరుగుతాయి. మొదట్లో మనవరాలు ఎండకు పట్టి చూసింది సరిగ్గా దీన్నే.

నాలుగో ప్రశ్న: మునగదు, తేలదు. ఎట్లా?

ఖాళీ నీళ్ల సీసాకు మూత బిగించి బేసిన్లో వేస్తే తేలుతుంది. ఇసుక నింపితే మునుగుతుంది. కొంచెం ఇసుక, కొంచెం గాలి ఉంటే నడి నీళ్లలో నిలబడేలా చేయొచ్చా? పిల్లల్నే ప్రయత్నించనివ్వండి. ఇరవై నిమిషాలు మీకు విశ్రాంతి.

చేపను కోసేటప్పుడు అవ్వ తీసి పారేసే తెల్లటి గాలితిత్తిని దాచమని చెప్పండి. బొచ్చెలో అది మధ్యలో దారం కట్టి బిగించినట్టు రెండు గదులుగా ఉంటుంది. నీళ్లలో వేస్తే బుడగలా తేలుతుంది. ఆ తిత్తిలో గాలిని సర్దుకుంటూ చేప కావలసిన లోతులో నిలబడుతుంది.

ఐదో ప్రశ్న: చెవుల్లేవు, రెప్పల్లేవు. మరి ఎట్లా తెలుస్తుంది?

మన చెరువు చేపలకు కంటిరెప్పలు లేవు. కళ్లు తెరిచే నిద్రపోతాయి. ఈ మాట విన్న రాత్రి ప్రతి పిల్లా కళ్లు తెరిచి పడుకోవాలని చూస్తుంది, చూడనివ్వండి. చెవులు బయటికి కనబడవు గానీ తల లోపల ఉన్నాయి.

బొచ్చె పక్క మీద తల నుంచి తోక దాకా చుక్కలు పెట్టినట్టు ఒక గీత ఉంటుంది. వేలితో చూపించండి. నీళ్లు ఎక్కడ కదిలినా ఈ గీతకు తెలుస్తుంది. చీకట్లోనూ, బురద నీళ్లలోనూ పక్క చేపకు తగలకుండా గుంపంతా ఒక్కసారి తిరగగలిగేది దీనివల్లే.

దీనికి జోడీగా మన పక్కనే ఒక కథ ఉంది. హిందూపురం దాటి చిలమత్తూరు మండలంలోని వీరాపురం ఊళ్లోకి ఏటా ఎర్రకాళ్ల కొంగలు వచ్చి, ఇళ్ల మధ్య చెట్ల మీదే గూళ్లు కట్టి పిల్లల్ని సాకుతాయి. ఊరివాళ్లు వాటిని ఆడబిడ్డల్లా చూసుకుంటారు. ఈ కొంగ చేపను కంటితో వెతకదు. సగం తెరిచిన ముక్కును నీళ్లలో పెట్టి నడుస్తుంది, చేప తగలగానే టక్కున మూసేస్తుంది. చూడకుండా తప్పించుకునే చేప, చూడకుండా పట్టుకునే కొంగ. పిల్లలకు ఈ ఆట ఆడించండి. కళ్లకు గంతలు కట్టుకుని ఒకరు కొంగ, మిగతావాళ్లు చేపలు.

ఆరో ప్రశ్న: చేపకు అమ్మ ఎవరు?

జెన దొరికితే పారేయకండి. ఆవగింజంతవి ఎన్నున్నాయో ఒక చెంచాడు లెక్కపెట్టమనండి. విసిగిపోయి వదిలేస్తారు. అదే పాఠం. అన్ని గుడ్లు ఎందుకు? ఎందుకంటే బొచ్చె గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది, కాపలా ఉండదు. ఎక్కువ భాగం ఎవరో ఒకరికి మేతే. పక్కనే కొర్రమీనును పెట్టి చెప్పండి. అది తక్కువ గుడ్లు పెడుతుంది, గుంపుగా తిరిగే ఎర్రెర్రని పిల్లల చుట్టూ తల్లీ తండ్రీ కాపలా కాస్తారు. గంబూసియా అయితే పిల్లల్నే కంటుంది. మూడు చేపలు, మూడు తీర్లు.

ఇక్కడే మనవరాలి ప్రశ్నకు సగం జవాబు ఉంది. బొచ్చె, రోహు, మోసు ఏటి చేపలు. వానాకాలంలో వరద పారితేనే గుడ్లు పెడతాయి. నిలవ నీళ్ల చెరువులో బతుకుతాయి, పెరుగుతాయి గానీ వాటంతట అవి పిల్లలు చేయవు. ఒకప్పుడు వీటి పిల్లల కోసం నదుల్లోనే వల వేయాల్సి వచ్చేది. 1957లో జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి, కె.హెచ్. అలికున్హి అనే శాస్త్రవేత్తలు హార్మోను సూదిమందుతో ఈ చేపల చేత మడుగుల్లోనే గుడ్లు పెట్టించగలిగారు. అందుకే ఏటా జూలై 10ని జాతీయ చేపల రైతుల దినోత్సవంగా జరుపుతున్నారు. మన చెరువులో కనబడే బొచ్చె కూడా మామూలుగా ఏదో హేచరీలో పుట్టి, ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచిలో బండెక్కి వచ్చిన బిడ్డే.

మిగతా సగం జవాబు పిల్లనే కనుక్కోనివ్వండి. వచ్చే ఆదివారం చేపలమ్మే మనిషి దగ్గరికి తీసుకెళ్లి "అన్నా, ఈ చాప యాడిది?" అని అడిగించండి. పెన్నహోబిలం జలాశయం అనొచ్చు, మిడ్ పెన్నార్ అనొచ్చు, కోస్తా చెరువుల నుంచి ఐసు పెట్టెలో వచ్చిందనొచ్చు. ఇంటికొచ్చాక పటం తీయండి. తుంగభద్ర నీళ్లు హెచ్చెల్సీ కాలువలో, కృష్ణ నీళ్లు శ్రీశైలం వెనక నుంచి హంద్రీనీవా కాలువలో మన జిల్లాకు ఎలా వస్తాయో వేలితో గీయించండి. చేప వెంట పోతే నీళ్ల దారి తెలుస్తుంది. ఈ సీమలో పుట్టిన పిల్లకు అంతకన్నా అక్కరకొచ్చే భూగోళం లేదు.

ఏడో ప్రశ్న: చెరువు ఎండితే యాడికి పోతుంది?

ఇది మన పిల్లలు అడిగే ప్రశ్న. నిజమే చెప్పండి. చాలా చేపలు చచ్చిపోతాయి. నీళ్లు తగ్గి వేడెక్కేకొద్దీ వాటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. తెల్లవారుజామున చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే గాలి చాలడం లేదని అర్థం. తర్వాత కొంగలు దిగుతాయి, మనుషులు వలలతో దిగుతారు.

కానీ అన్నీ చావవు. కొర్రమీను, మట్టగిడస, మార్పు తలలో మొప్పల పైన ఇంకో ఏర్పాటు ఉంటుంది. నీళ్ల పైకి వచ్చి ఒక గుటక గాలి మింగి లోపలికి పోతాయి. కొర్రమీనును పైకి రానివ్వకుండా ఆపితే నీళ్లలోనే ఊపిరాడక చచ్చిపోతుంది. నీళ్లలో మునిగి చచ్చే చేప! ఇది విన్న పిల్లల మొహాలు చూడాలి. ఈ సంగతిని బజార్లోనే చూపించొచ్చు. బొచ్చె ఐసు మీద పడి ఉంటుంది, కొర్రమీను మాత్రం టబ్బులో కాసిని నీళ్లలో బతికే ఉంటుంది. తెలంగాణ తన రాష్ట్ర చేపగా ఎంచుకున్నది దీన్నే.

చెరువు ఎండేటప్పుడు కొర్రమీను బురదలోకి దిగుతుంది. ఒళ్లు తడి ఆరనంతకాలం అక్కడే ఓపిక పడుతుంది. ఆఫ్రికాలో ఊపిరితిత్తులున్న చేప ఒకటి ఇంకా ముందుకు పోయింది. మట్టిలో గుంత చేసుకుని, ఒంటి జిగురుతోనే గూడు కట్టుకుని, వాన కోసం నెలల తరబడి, అవసరమైతే ఏళ్ల తరబడి నిద్రపోతుంది.

రాజుగారి కొడుకుల చేప ఎందుకు ఎండలేదో కథ చెబుతుంది. మన చెరువులోని చేప ఎందుకు ఎండలేదో కొర్రమీను చెబుతుంది.

చేపలా ఉండేవి, చేప కానివి

ఏడు ప్రశ్నలూ అయ్యాక పిల్లల్నే నియమం చెప్పమనండి. కొంచెం అటూ ఇటూగా ఇలా వస్తుంది: వెన్నెముక ఉంటుంది, నీళ్లలో బతుకుతుంది, బతికినంతకాలం మొప్పలుంటాయి, రెక్కలతో ఈదుతుంది. పొలుసులు మామూలుగా ఉంటాయి, గుడ్లు మామూలుగా పెడుతుంది. ఆ "మామూలుగా" అనే మాట పిల్లల నోట వచ్చిందంటే మీరు గెలిచినట్టే.

ఇప్పుడు సంచిలోంచి బొమ్మలు తీయండి. రొయ్యకు, ఎండ్రకాయకు వెన్నెముక లేదు, చేపలు కావు. నక్షత్ర చేప, జెల్లీ చేప పేరులో చేప ఉంది, ఒంట్లో లేదు. తిమింగలం ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది, పిల్లకు పాలిస్తుంది, తోకను పైకీ కిందికీ కొడుతుంది. రెండో ప్రశ్నలో తోక సంగతి చూసిన పిల్ల ఇక్కడ ఎగిరి గంతేస్తుంది. చిన్నప్పుడు మా తరగతి గోడ మీద చార్టులో తిమింగలం చేపల వరసలోనే ఉండేది. అది తప్పని తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. తోకకప్పను గుంతలో వారం వారం చూపించండి. ఒక రోజు వెనక కాళ్లు మొలుస్తాయి. ఆ రోజు చార్టు అక్కర్లేదు.

వయసును బట్టి

మూడు నాలుగేళ్ల పిల్లలకు తాకడం, కదలడం, ఏడు చేపల కథ చాలు. నోరు తెరవడం మూయడం నటించమనండి. ఐదు ఆరేళ్లకు పై ఏడు ప్రశ్నలు, వారానికొకటి చొప్పున. ఏడు ఎనిమిదేళ్లకు వేరు చేసే ఆట, పటం, అమ్మే మనిషితో మాటలు. ఒకే పూట అన్నీ చెప్పాలని ఆత్రపడకండి. చేప ఎలాగూ మళ్లీ ఆదివారం వస్తుంది.

మనం చేసే పొరపాట్లు

చేపది "చల్లని రక్తం" అని చెప్పి వదిలేస్తాం. పిల్లలు ఐసు నీళ్లనుకుంటారు. చుట్టూ ఉన్న నీళ్లు ఎంత వెచ్చనో చేప ఒళ్లూ దాదాపు అంతే వెచ్చన అని చెప్పండి. మే నెలలో మన కుంటలో చేప చల్లగా ఏమీ ఉండదు.

తెలియని ప్రశ్న వస్తే కసురుకుంటాం. "నాకూ తెలీదు, ఇద్దరం కలిసి చూద్దాం పా" అనండి. ఈ ఒక్క మాటకు మీ గౌరవం తగ్గదు.

"చాపకు నొప్పి పుట్టదా? మనమెందుకు తింటాం?" అని అడిగితే మాట దాటేస్తాం. గాయమైతే చేపలు తప్పించుకుంటాయి, బెదురుతాయి. మన ఇంట్లో తింటాం, కొందరు తినరు. తిన్నా, చూడటానికి తెచ్చినా, దాన్ని ఊరికే హింసించం. ఇంతే చెప్పండి. పిల్లలు నిజాన్ని తట్టుకుంటారు.

చెరువుగట్టు మీద ఒక పూట

ఏడాదికొక్కసారైనా పిల్లల్ని చెరువుకు తీసుకెళ్లండి. అనంతపురం పక్కనే బుక్కరాయసముద్రం ఉంది, విజయనగర రాజుల కాలంలో 14వ శతాబ్దంలో కట్టిన చెరువు. గట్టు తెగినప్పుడు ఊరి కోసం ప్రాణమిచ్చిందని చెప్పుకునే ముసలమ్మ కథ ఇక్కడిదే. కట్టమంచి రామలింగారెడ్డి "ముసలమ్మ మరణం" కావ్యానికి అదే మూలం.

నీళ్లుంటే చేపల్ని చూడండి. లేకపోతే ఇంకా మంచిది. నెర్రెలు విచ్చిన అడుగున నత్త గుల్లలు, కొంగ అడుగులు, ఎండిన పొలుసులు ఏరించండి. ఏ వైపు నుంచి వంక వస్తుంది, ఏ వైపు మరవ ఉంది చూపించండి. వానలకు మరవ పారినప్పుడు చేపలు ప్రవాహానికి ఎదురీదుతాయి. ఆ సంబరాన్ని మాత్రం చేయి పట్టుకుని దూరం నుంచే చూపించండి. గుంతలు, బావులు, కాలువల దగ్గరికి పిల్లలు ఒంటరిగా పోకూడదన్నది ఈ పాఠంలో మొదటి నియమం. జెల్ల లాంటి వాటికి ముళ్లుంటాయి, గుచ్చుకుంటే బాగా మండుతుంది, చేత్తో పట్టనివ్వకండి. అక్వేరియం చేపలను చెరువులో వదలకండి, అక్కడి చేపల మేతను అవి లాక్కుంటాయి.

ఈ వారం చేయవలసినవి

ఒకటి, నిండు చేపను తెచ్చి ఐదు నిమిషాలు మాట్లాడకుండా చూపించండి. రెండు, బొమ్మ గీయించండి. మూడు, పట్టుదారపు కుచ్చు ఆట ఆడించండి. నాలుగు, పిల్ల అడిగిన ప్రశ్నను అదే మాటల్లో ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టండి. జవాబు రాయడానికి కింద సగం పేజీ ఖాళీ వదలండి.

మొదట్లో చెప్పిన అవ్వ తర్వాతి ఆదివారం చేప తోముతూ మనవరాల్ని పిలిచి పక్కన పీట వేసింది. "ఈ చాప యాడ నుంచి వచ్చిందో నాకు సరిగ్గా తెలీదు నాయనా. దీని మొప్పలు చూసి చెప్పు, వచ్చి ఎన్ని దినాలయి ఉంటుందో" అంది. పిల్ల బుగ్గ రేకు ఎత్తి చాలాసేపు చూసింది. "ఎర్రగా ఉండాయి. ఈ పొద్దే వచ్చినట్టుంది" అంది. బజారుకు పోయి అడుగుదామా అన్నది ఆ తర్వాతి మాట.